ఏసీ ఎక్కడ ఆపినారు?

ఆగస్టు 3, 2025. ఆదివారం

ఈరోజు ప్రవచనానికి తొమ్మిది మంది. అందులో నా భార్య ఇందుమతి ఒకరు. ఇంకొకరు బస్సు వచ్చేదాకా నీడకని లోపలికి వచ్చిన మనిషి. బస్సు హారన్ వినపడగానే స్వామికి దండం కూడా పెట్టకుండా పరుగెత్తాడు. మిగిలినవాళ్ల మీదే నిప్పులు కురిపించాను. సోమరితనం, సెల్‌ఫోను, చెప్పులేసుకొని గర్భగుడి ముందు ఫొటోలు. గొంతు బొంగురుపోయింది.

"తొమ్మిది మందికి ఆ మైకెందుకయ్యా?" అంది ఇందుమతి. "వచ్చినోళ్లను తిడ్తాండావు. రానోళ్లను తిట్టాలంటే మైకు ఎత్తుకొని పొద్దుటూరులోకి పో."

అందరూ పోయాక అనంతకృష్ణ ఆగాడు. బంగారు అంగడి ఆయనది, ఈ మందిరం స్థలమూ ఆయనదే. పదకొండేళ్ల కింద నోటిమాటతో ఇచ్చాడు.

"సామీ, బెంగళూరు కంపెనీవాళ్లు మన పక్క కరెంటు కార్లకు చార్జింగ్ స్టేషన్ పెట్టాలని జాగా చూస్తాండారు. జమ్మలమడుగు రోడ్డులో మన జాగా గూడా రాసుకున్నారు. వాళ్లొస్తే ముందర స్థలం వాళ్లకు, యెనక మందిరం నీకు, ఎప్పటికీ. రాకపోతే దసరాకు గోడౌనుకు ఇచ్చేస్తా. నా కొడుకులు ఇంక ఆగేటట్టు లేరు."

"దసరా అంటే రెండు నెలలే గదప్పా."

"అందుకే ఇప్పుడు చెప్తాండా."

చార్జింగ్ ఎంతసేపు పడుతుందని అడిగాను. ఫాస్ట్ చార్జింగ్ అయితే నలభై నిమిషాలట. అంతసేపూ బండి దగ్గరే ఉండాలట. చేయడానికి ఏ పనీ ఉండదట.

ఏ పనీ లేని మనుషులు. నలభై నిమిషాలు. నా మందిరం ముందర.

ఆగస్టు 4

నెమ్మదిగా ఎక్కే చార్జింగ్ కూడా ఉందట, ఏడెనిమిది గంటలు పడుతుందట. అదే పెట్టించకూడదా అని అనంతకృష్ణకు ఫోన్ చేశాను. మాట్లాడకుండా పెట్టేశాడు.

ఆగస్టు 6, బుధవారం

కంపెనీ ఇంజనీరు వచ్చింది. పేరు హరిణి. బెంగళూరు నుంచి అంటే ఇంగ్లీషులో దంచుతుందనుకున్నాను. కారు దిగుతూనే, "మాది వేంపల్లే సామీ. మా జేజమ్మ మీ ప్రవచనానికి ఒకసారి వచ్చిందంట. చెవులు నొచ్చినాయంట" అంది.

రోడ్డు కొలిచింది. కరెంటు లైను ఎంత దూరమో చూసింది. బాత్రూము ఉందా, ఆడవాళ్లు పోయేటట్టు ఉంటుందా అని రెండుసార్లు అడిగింది. నాకు ఆశ్చర్యం వేసింది. కరెంటు తర్వాత రెండో ప్రశ్న అదే.

అన్నీ బాగున్నాయట. ఒక్కటే తెలియాలట: ఈ దారిలో కరెంటు కార్లు ఎన్ని పోతాయి? వాటికి పచ్చ నంబరు ప్లేటు ఉంటుంది కాబట్టి ఎవరైనా లెక్కపెట్టవచ్చు.

"వారం రోజులు లెక్కపెట్టగలరా సామీ? కింద మీ సంతకం ఉంటాది. మా ఆఫీసులో లోకల్ మనిషి లెక్కకు శానా విలువ."

ఇరవై ఎనిమిదేళ్లు ప్రొద్దుటూరు డిపోలో కండక్టరుగా తలలు లెక్కపెట్టినవాణ్ణి. ఆ సీటు మీద కూర్చొనే, టికెట్లు కొట్టడం అయిపోయాక, రామాయణ భారతాలు నేర్చుకున్నవాణ్ణి. నన్నా అడిగేది!

ఆగస్టు 7

పచ్చ ప్లేట్లు: ఒకటి. అది అనంతకృష్ణది.

ఆగస్టు 8

అనంతకృష్ణ బండి పోయింది, వచ్చింది. రెండు. పోయే ట్రిప్పు వేరు, వచ్చే ట్రిప్పు వేరు. డిపోలోనూ అదే లెక్క.

ఆగస్టు 9

కరెంటు ఆటోలకు కూడా పచ్చ ప్లేటే ఉంటుందని ఈరోజు గమనించాను. ఇన్నాళ్లూ కళ్ల ముందర తిరుగుతున్నా చూడలేదు. ఆ పిల్ల పచ్చ ప్లేట్లు లెక్కపెట్టమంది. చక్రాలు లెక్కపెట్టమనలేదు.

ఈరోజు: పదకొండు.

ఆగస్టు 11

ధర్మరాజు ఏనుగును ఏనుగనే అన్నాడు. కాస్త మెల్లగా అన్నాడు, అంతే. దానివల్ల యుద్ధం గెలిచారు.

ఆయన రథం నేలకు దిగిందని కూడా గ్రంథంలో ఉంది. ఆ మాట తర్వాత ఆలోచిస్తాను.

ఆగస్టు 13, బుధవారం

మొత్తం నలభై ఒకటి. హరిణి కాగితం చూసి, "ఇన్ని వస్తాండాయా!" అని కళ్లు పెద్దవి చేసింది. ఈ నెలాఖరుకు అసలు ఫారం తెస్తుందట, దాని మీద నా సంతకం కావాలట. కంపెనీ దగ్గర రెండు జాగాలు ఉన్నాయట. ఒకటి మాది. రెండోది పులివెందుల, ముద్దనూరు మధ్య. ఈ నలభై ఒకటితో మాది ముందుకు వచ్చిందట.

"రేపు ఆ రెండో జాగా చూడ్డానికి పోతాండా. వస్తారా సామీ? ఆ రోడ్డు మీకు తెలిసినంత ఎవురికి తెలుసు?"

వస్తానన్నాను. శత్రువు కోటను చూసి రావడం తప్పు కాదు.

ఆగస్టు 14

రాయాల్సింది చాలా ఉంది.

కరెంటు కారు శబ్దం చేయదు. నాలాంటి వాడికి అది కొంచెం భయం. ముందర ఒక తెర, అందులో ఎంత చార్జింగ్ ఉందో అంకె. మందిరం దగ్గర ఎనభై రెండు. జమ్మలమడుగు దాటాక ముద్దనూరు ఘాట్ ఎక్కుతుంటే ఆ అంకె నా కండక్టరు సంచిలో చిల్లరలా కరిగింది. దిగేటప్పుడు ఒకటి వెనక్కి వచ్చింది! దిగుడులో బండే కరెంటు చేసుకుంటుందట. మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాను. ఎక్కేటప్పుడు పోయిందంతా దిగేటప్పుడు ఎందుకు రాదని నాలుగోసారి అడిగాను. "వస్తే మా కంపెనీ ఎందుకు సామీ?" అంది.

బెంగళూరు నుంచి గండికోటకు వచ్చేవాళ్లు కదిరి మీదుగా పులివెందుల, అక్కడి నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు వస్తారు. ప్రొద్దుటూరు దాకా రారు. అంటే నా మందిరం ముందుకు రారు. ఈ సంగతి నాకు ముందు తెలియదా? తెలుసు. రోడ్డు తెలుసు, ఆలోచించలేదు.

పులివెందుల రోడ్డులో పోతుంటే ఎడమ పక్క చీనీ తోటలు, వెనక దూరంగా థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు. ఒకచోట నాకు తెలియకుండానే, "ఈడ ఆపమ్మా" అన్నాను. ఊరు లేదు, ఇల్లు లేదు. ఒక కల్వర్టు, నాలుగు వేపచెట్లు.

"ఈడ ఏముంది సామీ?"

"ఇప్పుడు ఏమీ లేదు. ఎండాకాలంలో ఈడ నా చలివేంద్రం ఉండేది."

చెప్పాను. డిపోలో ప్రతి ఏడూ చలివేంద్రాలు పెట్టేవాళ్లం. పెద్దమనుషులు పెట్టినవన్నీ బస్టాండు ముందర, ఆఫీసుల ముందర. ఫొటో బాగా వస్తుందని. సాయంత్రానికి కుండలు నిండుగా అలాగే ఉండేవి. దాహం ఊళ్లో పుట్టదు. ఇంటి నుంచి బయలుదేరిన మనిషి కడుపులో నీళ్లుంటాయి. దాహం ఎక్కడ పుడుతుందో కనుక్కోవాలని ఒక వేసవి అంతా నా బస్సులో ప్రయాణికులను అడిగాను.

"దాహం యాడ అయిందని అడిగినారా?"

"అట్ల అడిగితే ఎవురూ నిజం చెప్పరు తల్లీ. మాకేం దాహం అంటారు. బాటిలు యాడ ఖాళీ అయిందని అడిగినా. అందరూ ఈడనే చూపించినారు."

హరిణి కల్వర్టు వైపు చూసింది. తర్వాత నవ్వింది. "కరెంటు కారోళ్లూ అంతే సామీ. చార్జింగ్ అయిపోతాదని భయమైందా అంటే లేదంటారు. కానీ భయమైతే మొదట ఏసీ ఆపేస్తారు."

దారి పొడవునా అదే ఆలోచన. ఏసీ ఎక్కడ ఆపినారు? ఎంత చక్కటి ప్రశ్న. ఇన్నేళ్లుగా పాపం ఎక్కడ చేసినారని అరుస్తున్నానే, ఇట్లా ఒక్కరినీ అడగలేదు.

ఆగస్టు 15

రేపు, ఎల్లుండి సెలవులు. గండికోటకు జనం వస్తారు. పోయి అడిగితే తప్పేముంది? మా రోడ్డులో ఆపినవాళ్లు కూడా దొరకవచ్చు.

ఆగస్టు 17, ఆదివారం

ప్రవచనం మానేశాను. పదకొండేళ్లలో మొదటిసారి. "ఈరోజు తొమ్మిది మంది చెవులకు సెలవు" అంది ఇందుమతి.

రెండు రోజులూ గండికోట బండ్లు ఆగే చోట నిలబడ్డాను. పచ్చ ప్లేటు కనపడితే పోయి పలకరించడం, అంతే. కొందరు నన్ను చందాల మనిషి అనుకున్నారు. ఒకతను చేతిలో పది రూపాయలు పెట్టాడు.

ఒక జంటను మరచిపోలేను. వసీం, హీనా. వాళ్లది కడపే, ఉద్యోగాలు బెంగళూరులో.

"ఏసీనా? నేను ఆపనే లేదు సార్. మూడు వందల కిలోమీటర్లు ధీమాగా వచ్చినా" అన్నాడు వసీం.

హీనా పడీపడీ నవ్వింది. "అబ్బా, ఏం ధీమా! పులివెందుల దాటినామో లేదో టక్కున ఆపేసినాడు సామీ. అద్దాలు దించి, 'పల్లె గాలి ఎంత బాగుందో చూడు' అన్నాడు. ఆ గాలికి నా మొగమంతా దుమ్ము. తర్వాత పాటలు ఆపినాడు. తర్వాత సెల్లు చార్జింగ్ పీకినాడు. ఇంకొంచెం దూరముంటే నన్ను గూడా దించేసుంటాడు, బరువు తగ్గుతాదని."

"అది కాదు సార్..." అన్నాడు వసీం.

"ముద్దనూరు వచ్చిందాకా ఈయన నోట్లోంచి ఒక్క మాట రాలా. నమాజులో గూడా అంత నిశ్శబ్దంగా ఉండడు."

మొత్తం పద్నాలుగు కార్లు. పులివెందుల దాటి, ముద్దనూరు చేరే లోపల ఏసీ ఆపినవాళ్లు పదకొండు మంది. ఇద్దరు కదిరి దగ్గర. ఒకాయన ఇంటి దగ్గర నుంచే ఆపుకొని వచ్చాడట, ఆయన ఓపికకు దండం.

మా రోడ్డులో: ఎవరూ లేరు. ఇంకా అడగాలి.

ఆగస్టు 19, మంగళవారం

ముద్దనూరు పోయాను. అక్కడ మున్వర్ అని ఒకడున్నాడు, ఆగిపోయిన కార్లను రికవరీ బండి మీద ఎక్కించి చేరవేసేవాడు. వాడి దగ్గర వేరే లెక్క దొరకవచ్చని ఆశ.

"కరెంటు కార్లా? యాడ ఆగుతాయో నన్నడుగు సామీ. ఆ వేపచెట్ల కల్వర్టు ఉండాదే, ఆడి నుంచి నాలుగు కిలోమీటర్ల లోపల. ఎదురుగా థర్మల్ పొగ కనపడతాంటాది, ఈడ బండి కదలదు. పెండ్లింట్లో ఉపాసం మాదిరి. పోయిన నెల ఒక ముసలామెను డయాలసిస్‌కు తీసుకపోతాండిన కారు ఆడనే నిలిచిపాయ. నేను పోయేసరికి ఆమెకు మాట రాలా. బతికింది, అల్లా దయ."

చెప్పడమంతా అయ్యాక వాడికి అనుమానం వచ్చింది.

"నువ్వెందుకు అడుగుతాండావు?"

చెప్పాను. అక్కడ చార్జింగ్ స్టేషన్ వచ్చే అవకాశం ఉందని. వాడి ముఖం మారింది.

"సామీ, నీ కాళ్లు పట్టుకుంటా, ఈ మాట ఎవురికీ చెప్పొద్దు. నా బండి తిరిగేదే ఆ నాలుగు కిలోమీటర్లలో."

చెప్పనని మాట ఇచ్చాను. ఎంత సులభంగా ఇచ్చానో! వాడి మీద జాలితో ఇచ్చానని ఇక్కడ రాయబోయి ఆగాను.

ఆగస్టు 20

మందిరం నిలిస్తే ఎంత మందికి మేలు. ఒక్క ముసలామెను చూసి నిర్ణయించకూడదు. ఆమె బతికింది కూడా.

ఆగస్టు 21

పై మాట కొట్టేయాలి. కొట్టేయలేదు. ఉండనీ.

ఆగస్టు 24, ఆదివారం

నిజం మీద చెప్పడానికి కూర్చున్నాను. శ్లోకాలన్నీ కంఠతా. ఒక్కటీ నోటికి రాలేదు. ఇరవై నిమిషాల్లో హారతి ఇచ్చేశాను.

"మైకు పాడైందా సామీ?" అని ఒకామె అడిగింది.

"మైకు బాగానే ఉండాది" అంది ఇందుమతి, నా వైపు చూడకుండా.

ఇంటికి వచ్చాక అన్నం పెడుతూ అడిగింది. "ఏందయ్యా లోపల అడ్డం పడింది?"

ఆటోల సంగతి చెప్పాను. అనంతకృష్ణ బండి సంగతి, పద్నాలుగు కార్ల సంగతి, ముసలామె సంగతి. ఆమె పప్పు గరిటె పట్టుకొని అట్లానే నిలబడింది.

"మందిరం పోతే యాడ చెప్తావు?"

"తెలియదు."

"పోకపోతే ఏం చెప్తావు?"

ఆమె ఏ గ్రంథమూ చదవలేదు.

ఆగస్టు 30, శనివారం

హరిణి ఫారం తెచ్చింది. అనంతకృష్ణ కొత్త పంచె కట్టుకొని వచ్చాడు, స్వీట్లు కూడా తెచ్చాడు. మందిరంలోనే చాప మీద కూర్చున్నాం. ఫారంలో నలభై ఒకటి అని అచ్చు వేసి ఉంది.

"కింద సంతకం పెట్టండి సామీ."

పెన్ను తీసుకున్నాను. ఆ అంకెకు అడ్డంగా గీత కొట్టాను. గీత సరిగా పడలేదు, రెండోసారి కొట్టాను.

"ఏంది సామీ ఇది?" అన్నాడు అనంతకృష్ణ.

"ముప్పై నాలుగు ఆటోలమ్మా. ఏడు కార్లు. ఆ ఏడూ ఒకే కారు. నీదే అప్పా, నువ్వు అంగడికి పోయేది, వచ్చేది."

హరిణి కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పెద్ద గొంతుతో తిట్టేవాళ్లంటే నాకు భయం లేదు, నేనూ అదే పని చేస్తాను. ఆమె మెల్లగా అంది. "నేను మీ లెక్కను మళ్లా చూడకుండా పంపించినా సామీ. మీరు కండక్టరు గదా అని."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాలి.

నా పద్నాలుగు కార్ల కాగితం జేబులోంచి తీసి ఇచ్చాను. ఏసీ ఎక్కడ ఆపారో, ఎంత చార్జింగ్ మిగిలి ఉండగా ఆపారో అంతా ఉంది. మున్వర్ చెప్పిన నాలుగు కిలోమీటర్లు కూడా చెప్పాను. వాడికి ఇచ్చిన మాట అట్లా పోయింది. ముసలామె సంగతి కూడా చెప్పాను.

"ఇది పంపు తల్లీ. దీని కింద సంతకం పెడతా."

అనంతకృష్ణ స్వీట్ల పొట్లం చేతిలోనే పట్టుకొని లేచాడు. "నీ మందిరం కోసం నేను కొడుకులతో కొట్లాడినా సామీ. నువ్వేమో నా కారు లెక్క అప్పజెప్తాండావు." గడప దాకా పోయి ఆగాడు. "దసరా లోపల తాళాలు ఇయ్యి."

పోయేటప్పుడు పొట్లం మాత్రం గడప మీద పెట్టి పోయాడు.

సెప్టెంబరు 2

పొట్లం ఇంకా విప్పలేదు.

సెప్టెంబరు 18

హరిణి ఫోన్ చేసింది. రెండో జాగా ఖాయమైంది. కల్వర్టు దగ్గర కాదు, దానికి ఒకటిన్నర కిలోమీటరు ముందే, పులివెందుల వైపు. అదేమిటి, నా కల్వర్టుకేం తక్కువ అని వాదించాను. పెద్ద కరెంటు లైను అక్కడ పోతోందట, అది మొదటిది. రెండోది, భయం పుట్టాక కాదు, పుట్టబోయే ముందు స్టేషన్ కనపడాలట. నాకు ఆ రెండోది నచ్చింది. నా చలివేంద్రం కూడా కొంచెం ముందు పెట్టి ఉండాల్సింది.

సెప్టెంబరు 28, ఆదివారం

మందిరం ఖాళీ చేసే రోజు. నిన్నటి నుంచి చాపలు చుడుతున్నాం. మైకు సెట్టు, రెండు పెద్ద పెట్టెలు, దీపపు సెమ్మెలు, పటాలు. ఆటో మాట్లాడదామని బయటికి వస్తే రికవరీ బండి వచ్చి ఆగింది. మున్వర్ దిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నోరు మూసుకోమంటే పోయి సంతకం పెట్టొచ్చినావంట!"

"పెట్టినా."

"మాట ఇచ్చి తప్పినావు. నా పొట్ట కొట్టినావు."

"తప్పినా. కొట్టినా."

వాడు ఇంకా చాలా అనడానికి వచ్చాడు. మందిరంలోకి చూశాడు. చుట్టిన చాపలు, గోడ మీద పటాలు తీసిన తెల్లటి గుర్తులు.

"ఏంది, నీదీ పాయనా?"

"పాయ."

కాసేపు తల గోక్కున్నాడు. "ఇద్దరి పొట్టా కొట్టుకొని నీకేం వచ్చింది సామీ?" అంటూనే ఒక పెట్టె భుజానికెత్తుకున్నాడు. కార్లు ఎక్కించే బండి మీద నా సామాన్లు ఎక్కాయి. ఇందుమతి ఆ స్వీట్ల పొట్లం విప్పి వాడి ముందర పెట్టింది. బూజు పట్టి ఉంటుందనుకున్నాను. సున్నుండలు, బాగానే ఉన్నాయి.

ముగ్గురం వట్టి నేల మీద కూర్చున్నాం.

"పదకొండేండ్లు ఈడ అరిసినావంట. ఒక్కనాడూ నేను ఇనలా" అన్నాడు మున్వర్. "ఏదన్నా కథ చెప్పు. అరవగాకు."

మైకు బండి మీద ఉంది. ఆంజనేయస్వామి సముద్రం దాటే ఘట్టం చెప్పాను. స్వామి ఆకాశంలో పోతున్నాడు. దారి మధ్యలో నీళ్లలోంచి బంగారు కొండ లేచింది. నా మీద కాసేపు కూర్చో, అలుపు తీర్చుకొని పో అంది. స్వామి దాన్ని చేత్తో తాకి, కూర్చోకుండానే పోయాడు. ఇక్కడ నేను ఎప్పుడూ గొంతు పెంచి, చూశారా కార్యదీక్ష, మీరూ ఉన్నారు, బస్సు రెండు నిమిషాలు లేటైతే సోడా అంగడికి పరుగెత్తుతారు అని అందుకుంటాను. అందుకోబోయాను.

"ఆగు సామీ. కొండ యాడ లేసింది?"

"దారి మధ్యలో."

"మధ్య అంటే? సగం దూరంలోనా?"

"సగమే అనుకో."

మున్వర్ సున్నుండ నోట్లో వేసుకొని తల అడ్డంగా ఊపాడు. "అదీ సంగతి. మీ సామి గొప్పోడే, తప్పు కొండది. సగం దూరంలో ఎవురికన్నా అలుపొస్తాదా? ముక్కాలు దూరం పోయినాక లేసుంటే కూర్చునేవాడే. ఆడ లేయమని దానికి చెప్పిందెవురు?"

సముద్రుడు అన్నాను. సముద్రుడు ఎవరిని అడిగి చెప్పినాడని అడిగాడు. ఇందుమతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్రంథం తెరిచాను. ఆ పేజీ, దాని ముందుది, తర్వాతిది చదివాను. ఎన్నిసార్లు చెప్పానో ఈ ఘట్టం, కొండ పక్క నుంచి ఒక్కసారీ చూడలేదు.

"తెలియదప్పా" అన్నాను.

"తెలీదా?" మున్వర్ కాళ్లు చాపుకొని గోడకు ఆనుకున్నాడు. "అయితే నువ్వు బాగానే చెప్తాండావు. ఇంకొకటి చెప్పు."